నెలకో సీసా, ఇరవై నిమిషాలకో మెరుపు: ప్లేటింగ్ యూనిట్ నీళ్లలో క్రోమియం జాడ పట్టిన కేసు

ప్లేటింగ్ యూనిట్ నీళ్ల సంగతి తేల్చడానికి వెళ్లిన మొదటి రోజే నా ముందుకు రెండు సాక్ష్యాలు వచ్చాయి. పొద్దున యూనిట్ యజమాని పన్నెండు నెలల ల్యాబ్ రిపోర్టులున్న ఫైలు తెరిచి చూపించారు. ఏ నెలలోనూ మొత్తం క్రోమియం లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటలేదు, అందులో ఎక్కువ విషమైన రూపం, హెక్సావాలెంట్ క్రోమియం, 0.1 లోపే ఉంది. బయటికి వదిలే నీటికి చట్టం పెట్టిన హద్దులు అవే. సాయంత్రం గోడ అవతల పొలమున్న పెద్దాయన ఒక కూల్‌డ్రింక్ సీసా తెచ్చాడు. అడుగున కాస్త మడ్డి, పైన లేత నిమ్మపండు రంగు నీళ్లు.

"మబ్బుల లేసి పోయి ఒర్రెల ముంచిన సారూ. పొద్దెక్కినంక వస్తే మీకేం కనబడది. రాత్రిపూట దొంగతనంగ ఇడుస్తున్నరు."

ఆ సీసాలోంచి కొంచెం తీసి డైఫినైల్ కార్బజైడ్ కిట్‌తో అక్కడికక్కడే చూశాను. చిక్కటి ఊదా రంగు తిరిగింది. అంటే హెక్సావాలెంట్ క్రోమియం ఉంది, అదీ హద్దుకు చాలా పైన. రిపోర్టులు గుర్తింపు ఉన్న ల్యాబ్‌వి, వాటిని అనుమానించడానికి నాకు కారణం లేదు. పెద్దాయన సీసానూ అనుమానించలేను. ఈ రెండూ ఎలా నిజమవుతాయో తేల్చడమే మా పని అయింది.

యూనిట్ ఉన్నది మహబూబ్‌నగర్ జిల్లాలో, 44వ జాతీయ రహదారి పక్కన, బాలానగర్‌కూ జడ్చర్లకూ మధ్య. వెనక గోడ దాటితే ఒర్రె, ఒర్రె కింద చిన్న కుంట. వానాకాలం కుంట అలుగు పోస్తే నీళ్లు దుందుభి వైపు పోతాయి. దుందుభి నీళ్లు డిండికి, అక్కడి నుంచి కృష్ణకు. భూమి అంతా గ్రానైటు. పైన కొన్ని మీటర్ల మొరం, దాని కింద పగుళ్లున్న రాయి, బోర్లకు నీళ్లు ఆ పగుళ్లలోంచే వస్తాయి. హెక్సావాలెంట్ క్రోమియం నీటిలో క్రోమేట్ రూపంలో, రుణావేశంతో ఉంటుంది. మన బోర్ల నీళ్లు కాస్త క్షార గుణమున్నవి కాబట్టి మట్టి దాన్ని గట్టిగా పట్టుకోదు. నీరు ఎంత దూరం పోతే అదీ దాదాపు అంత దూరం పోతుంది. క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో ఉన్న పదార్థం ఇది. ఒర్రెలో రంగు కనబడింది కాబట్టి పెద్దాయన పట్టుకున్నాడు. ఆయన బోరు నీళ్లు మాత్రం కొబ్బరి నీళ్లలా తేటగా ఉన్నాయి. ల్యాబ్‌కు పంపితే క్రోమియం లీటరుకు 0.4 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి మొత్తం క్రోమియం హద్దు 0.05.

యూనిట్‌లో జరిగేది

బండి విడిభాగాలకు రాగి, నికెల్, చివర క్రోమ్ పూత వేస్తారు. ముందు క్షారపు టబ్బులో గ్రీజు వదిలిస్తారు, ఆ తర్వాత యాసిడ్‌లో ముంచుతారు, తర్వాత ఒక్కో పూత. ప్రతి టబ్బు తర్వాతా కడిగే టబ్బు ఉంటుంది. క్రోమ్ టబ్బులో లీటరుకు రెండు వందల గ్రాముల పైనే క్రోమిక్ యాసిడ్ ఉంటుంది. సామాను పైకి లేపినప్పుడు దానికి అంటుకుని వచ్చేది కొద్దిగానే అనిపిస్తుంది కానీ కడుగు నీళ్లను పసుపు చేసేది అదే.

ఈ నీళ్లను శుద్ధి చేయడం రెండు మెట్ల పని, ఈ కేసు మొత్తం ఆ రెండు మెట్ల మధ్యే ఉంది. మొదటి మెట్టులో సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసి పీహెచ్‌ను 2, 2.5 దగ్గరికి దించి సోడియం మెటా బై సల్ఫైట్ కలుపుతారు. పని వాళ్లు దాన్ని 'మెటా' అంటారు. అప్పుడు హెక్సావాలెంట్ క్రోమియం అంత విషం కాని ట్రైవాలెంట్ రూపానికి మారుతుంది, పసుపు పోయి ఆకుపచ్చ వస్తుంది. రెండో మెట్టులో సున్నం వేసి పీహెచ్‌ను 8.5 దాకా లేపితే ఆ ట్రైవాలెంట్ క్రోమియం, రాగి, నికెల్ హైడ్రాక్సైడ్లుగా పేరుకుని కిందికి దిగుతాయి. ఆ స్లడ్జ్‌ను ఫిల్టర్ ప్రెస్‌లో పిండి, ప్రమాదకర వ్యర్థంగా దుండిగల్‌లోని వ్యర్థాల కేంద్రానికి పంపాలి. ఇక్కడ ఒక్కటి గుర్తుండాలి: మొదటి మెట్టు విఫలమైతే రెండో మెట్టు క్రోమియాన్ని ఏమీ చేయలేదు. క్రోమేట్‌ను సున్నం పేరబెట్టలేదు, అది నీళ్లతో పాటే బయటికి నడుస్తుంది.

నెలవారీ శాంపిల్ ఎలా తీస్తున్నారో అడిగాను. ల్యాబ్ మనిషి ముందు రోజు ఫోన్ చేసి, మర్నాడు పదకొండు గంటల ప్రాంతంలో వచ్చి ఒక సీసా నింపుకుని పోతాడు. ఒకటి రెండు నెలలు ఆ మనిషి రాలేక యూనిట్ వాళ్లే నింపి పంపారు. వాళ్లు సీసాలన్నింట్లో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేశారు. మొత్తం లోహాలకు అది సరైన పద్ధతే. హెక్సావాలెంట్ కోసం తీసే సీసాలో మాత్రం యాసిడ్ వేయకూడదు. నీటిలో మిగిలిన మెటా గానీ సేంద్రియ మలినాలు గానీ ఉంటే, ఆ యాసిడ్‌లో దారిలోనే అది ట్రైవాలెంట్ అయిపోతుంది. దానికి వేరే సీసా తీసి, పీహెచ్ 9.3 నుంచి 9.7 మధ్య ఉండేలా బఫర్ వేసి, చల్లగా పెట్టి పంపాలి. కావాలని ఎవరూ చేసింది కాదు. చెప్పినవాళ్లు లేరు, అంతే.

లేజర్ ఎందుకు

కచ్చితమైన అంకె కావాలంటే ఐసీపీ, అంటే లోహాలను అతి తక్కువ మోతాదులోనూ కొలిచే యంత్రం, ఉన్న ల్యాబ్‌ను మించింది లేదు. నాకు కావలసింది వేరు. రాత్రీ పగలూ వరసగా చూడాలి, ఒకేసారి నాలుగైదు లోహాలు చూడాలి, సీసా హైదరాబాద్ పోయి వచ్చేదాకా ఆగకుండా అక్కడే తెలియాలి. క్రోమియం ఒక్కదానికైతే కిట్ చాలు. కానీ క్రోమియంతో పాటు నికెల్, రాగి, కాల్షియం ఎలా కదులుతున్నాయో తెలిస్తే ఆ నీళ్లు ఏ టబ్బులోంచి, ఏ దారిన వచ్చాయో చెప్పవచ్చు. అందుకని పరిశోధన చేస్తున్న మిత్రుల దగ్గర లేజర్ స్పెక్ట్రోస్కోపీ పరికరం అడిగి తెచ్చుకున్నాం. దాన్ని లిబ్స్ అంటారు.

చాలా చిన్న కాలం, సెకనులో వంద కోట్ల వంతులో ఆరు వంతులంత సేపు, ఎన్‌డీ-యాగ్ లేజర్ మెరుపు ఒకటి శాంపిల్ మీద పడుతుంది. శక్తి 80 మిల్లీజౌల్స్, అంటే చాలా తక్కువ. కానీ అది వెంట్రుక మందమంత చుక్క మీద పడుతుంది కాబట్టి అక్కడి పదార్థం ఆవిరై, పది వేల డిగ్రీల వేడి ప్లాస్మా అవుతుంది. పక్కనుంటే టప్‌మని చిన్న పటాకా చప్పుడు వినిపిస్తుంది. ఆ ప్లాస్మా చల్లారుతూ వెలుగు ఇస్తుంది. మొదటి మైక్రోసెకను అంతా తెల్లటి గందరగోళం. అది దాటాక ఒక్కో మూలకం తనదైన రంగు గీతలు వెలిగిస్తుంది. క్రోమియానికి 425.43, 427.48, 428.97 నానోమీటర్లు. రాగికి 324.75, 327.40. నికెల్‌కు 352.45. సీసానికి 405.78. గీత ఎంత వెలిగితే మూలకం అంత ఉన్నట్టు.

నీళ్ల మీద నేరుగా కొడితే ఇది సరిగా పని చేయదు. నీళ్లు చిమ్మి లెన్స్ మీద పడతాయి, ప్లాస్మా తొందరగా ఆరిపోతుంది, మిల్లీగ్రాముల కింద ఏమీ కనబడదు. అందుకే నీటిని ఆరబెట్టి చూశాం. ప్రతి శాంపిల్‌ను రెండు భాగాలు చేశాం. ఒక భాగాన్ని బూడిద మిగలని ఫిల్టర్ పేపర్ బిళ్ల మీద కొంచెం కొంచెంగా వేసి హాట్‌ప్లేట్ మీద ఆరబెట్టాం. అది మొత్తం లోహాలకు. రెండో భాగాన్ని యాసిడ్ తగలనీయకుండా, రుణావేశ అయాన్లను పట్టే పొర గుండా పంపాం. ఆ పొర మీద నిలిచేది క్రోమేట్, ట్రైవాలెంట్ దాటిపోతుంది. లేజర్‌కు ఏ రూపంలో ఉన్నా క్రోమియం క్రోమియమే, తేడా చెప్పలేదు. ఆ తేడా పొరే చేసిపెట్టాలి. ఇదే పొర మీద సల్ఫేట్ కూడా చోటు కోసం పోటీ పడుతుంది, యూనిట్ నీళ్లలో సల్ఫేట్ దండిగా ఉంది. అందుకని కాలిబ్రేషన్‌కు డిస్టిల్డ్ వాటర్‌తో కాకుండా, క్రోమేట్ లేదని తేలిన అదే యూనిట్ నీళ్లలో తెలిసిన మోతాదు పొటాషియం డైక్రోమేట్ కలిపి ప్రామాణిక ద్రావణాలు చేసుకున్నాం. ఈ పని చేయకుండా తెచ్చిన అంకెలను నేను నమ్మను.

మాతో పని చేసిన టెక్నీషియన్‌ది మర్రిగూడ. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో పెరిగినవాడు. పరికరం బిగిస్తుంటే అడిగాడు: "అన్నా, మా ఊరి ఫ్లోరైడ్ దొరుకుతదా దీంట్ల?" ఫ్లోరిన్ సొంత గీత చాలా బలహీనం, నేరుగా దొరకడం కష్టం. అయితే కాల్షియం ఉన్నచోట ప్లాస్మాలో అదీ కాల్షియమూ కలిసి కాసేపు కాల్షియం ఫ్లోరైడ్ అణువు అవుతుంది, దాని వెలుగు 600 నానోమీటర్ల పైన పట్టీలా కనబడుతుంది. ఆ దారిన పట్టవచ్చు. నల్లగొండ పేరుతోనే పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి దేశమంతా తెలుసు. చూడ్డానికి తేటగా ఉన్న నీళ్లు ఎముకలను వంచుతాయని అక్కడి వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. పెద్దాయన బోరు నీళ్ల సంగతి ఆ అబ్బాయికి నాకంటే ముందే అర్థమైంది.

మొదటి వారం చేసిన తప్పు

ఇది దాచకుండా రాయాలి, ఇంకొకరు ఇదే తప్పు చేయకూడదు.

మా స్పెక్ట్రోమీటర్ చిన్నది. మొదట 428.97 గీతను క్రోమియానికి గుర్తుగా తీసుకున్నాం, ఎందుకంటే వెలుగు గీతల పటంలో అదే అందంగా, ఎత్తుగా కనబడింది. యూనిట్ నుంచి బయటికి పోయే నీళ్లలో పగలూ రాత్రీ క్రోమియం వచ్చింది. ఒర్రెలో వచ్చింది. పెద్దాయన బోరులో వచ్చింది. సరే అనుకున్నాం. ఆ తర్వాత పోలిక కోసమని ఎగువన, యూనిట్‌కు కిలోమీటరు పైన గుట్ట కింద ఉన్న బోరు నీళ్లు తెచ్చి చూస్తే అక్కడా వచ్చింది. అక్కడికి ఈ యూనిట్ నీళ్లు ఎక్కే వీలే లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తొందరపడి యజమానికి ఒక మాట అనేసి ఉన్నాను.

తెల్లారి పటాలు మళ్లీ పరిచి చూశాం. క్రోమియం ఉంటే మూడు గీతలూ కలిసి రావాలి, ఒకదానికొకటి ఉండే వాటా మారకూడదు. ఎగువ బోరు నీళ్లలో 428.97 దగ్గర మాత్రమే గీత ఉంది, 425.43 దగ్గర శూన్యం. కాల్షియానికి 428.94 దగ్గర ఒక గీత ఉంది. రెంటికీ తేడా వందో వంతు నానోమీటర్లలో. మా చిన్న స్పెక్ట్రోమీటర్ ఆ రెంటినీ విడదీయలేదు. మన గ్రానైటు బోర్ల నీళ్లలో కాల్షియానికి కొదవ లేదు, యూనిట్ నీళ్లలో సున్నమే వేస్తున్నారు. అంటే వారం రోజులు మేము కొలిచింది చాలావరకు కాల్షియాన్ని. యజమాని దగ్గరికి వెళ్లి అన్న మాట వెనక్కి తీసుకున్నాను. అప్పటి నుంచి 425.43 మీదే లెక్క, మిగతా రెండూ తోడు రాకపోతే ఆ శాంపిల్ లెక్కలోకే రాదు. పెద్దాయన బోరు శాంపిల్‌ను ఇలా మళ్లీ చూస్తే మూడు గీతలూ నిలిచాయి.

బుధవారం రాత్రి

సోమవారం సాయంత్రం నుంచి ఇరవై నిమిషాలకో శాంపిల్ మొదలుపెట్టాం. వంతులు వేసుకుని ఇద్దరం మేలుకుంటే ఒకరం పడుకున్నాం. సోమవారం రాత్రి ఏమీ లేదు. మంగళవారం రాత్రీ లేదు. యజమాని ముఖం తేటపడింది. పెద్దాయన మాత్రం గోడ మీదుగా చూసి, "మీరున్నరని ఇడుస్తలేరు" అన్నాడు. నాకూ ఆ అనుమానం వచ్చింది.

బుధవారం రాత్రి 11:40 శాంపిల్‌లో 425.43 గీత లేచింది. 12:00కు ఇంకా ఎత్తు. 12:20కి పొర మీది బిళ్ల చూస్తే హెక్సావాలెంట్ క్రోమియం 6 మిల్లీగ్రాముల పైన. ఒంటిగంట దాటాక దిగడం మొదలై 1:20కి మళ్లీ మామూలు. దాదాపు గంటన్నర. పీపాలో పట్టి చూస్తే నీళ్లు లేత పసుపు. అవి ఒర్రెలోకి పోయి, మబ్బుల లేచిన మనిషికి కనబడి, పొద్దెక్కేసరికి ఇంకిపోయేవి.

ఇక్కడే మిగతా గీతలు ఉపయోగపడ్డాయి. శుద్ధి చేయకుండా దొంగచాటుగా వదిలితే క్రోమియంతో పాటు నికెల్, రాగి కూడా లేవాలి. అవి కదల్లేదు. అంతకంటే ముఖ్యం కాల్షియం. సున్నపు ట్యాంకు దాటి వచ్చిన నీళ్లలో కాల్షియం ఎప్పుడూ ఒక మట్టంలో ఉంటోంది. దాటకుండా అడ్డదారిన వచ్చి ఉంటే ఆ మట్టం పడిపోవాలి. ఆ గంటన్నరలో కాల్షియం గీత ఇసుమంత కూడా తగ్గలేదు. వారం రోజులు మమ్మల్ని తప్పుదారి పట్టించిన కాల్షియమే, ఈ నీళ్లు శుద్ధి ప్లాంటు లోపలి నుంచే వచ్చాయని చెప్పింది. రెండో మెట్టు జరిగింది, మొదటి మెట్టు జరగలేదు. యజమాని దొంగతనం చేయలేదు. పెద్దాయన నీళ్లు పాడైన మాటా అబద్ధం కాదు.

ఆపరేటర్‌ను కూర్చోబెట్టి అడిగాను, బుధవారం రాత్రి మిగతా రాత్రుల్లో చేయని పని ఏం చేస్తారని. కాసేపు ఆలోచించి, "గ్రీజు టబ్బు ఖాళీ చేసి కడుగుతం సార్, బుధవారం, శనివారం. పదిన్నరకి" అన్నాడు. గ్రీజు టబ్బు అంటే కాస్టిక్ సోడా నీళ్లు. అవి వేరే గుంతలోకి పోవాలి. వెళ్లి చూస్తే నేల మీది కాలువలో గచ్చు పగిలి, అడ్డుకట్ట అరిగి, సగం నీళ్లు క్రోమ్ గుంతలోకి జారుతున్నాయి.

శనివారం రాత్రి పీహెచ్ మీటరు, కిట్ పట్టుకుని మొదటి ట్యాంకు దగ్గరే నిలబడ్డాం. గ్రీజు టబ్బు ఖాళీ చేసిన కొద్దిసేపటికి పీహెచ్ 2.3 నుంచి 5.6కు ఎక్కింది. యాసిడ్ పంపు పీహెచ్‌ను చూసి నడిచేది కాదు, చేత్తో పెట్టిన వేగానికే నడుస్తోంది. ఆ పీహెచ్ దగ్గర మెటా పని చాలా మందగిస్తుంది. అసలు చిక్కు దానికి మించింది. మెటా ఎంత వేయాలో ఓఆర్‌పీ మీటరు, అంటే నీటి ఆక్సీకరణ గుణాన్ని మిల్లీవోల్టుల్లో చూపేది, చెబుతుంది, 250 మిల్లీవోల్టుల దగ్గరికి దిగితే మార్పు పూర్తయిందని పంపు ఆపేస్తుంది. ఆ లెక్క పీహెచ్ 2, 2.5 దగ్గర ఉన్నంతవరకే చెల్లుతుంది. పీహెచ్ పెరిగితే క్రోమేట్ అలాగే ఉన్నా ఓఆర్‌పీ అంకె తనంతట తానే పడిపోతుంది. మా కళ్ల ముందే అంకె 140కి దిగింది, మెటా పంపు ఆగిపోయింది, ప్యానెల్ మీద పచ్చ లైటు వెలిగింది. కిట్‌లో మాత్రం ఊదా రంగు. ఇన్నాళ్లూ ఆ పచ్చ లైటును చూసే ఆపరేటర్ నిశ్చింతగా ఉన్నాడు, అతని తప్పేమీ లేదు.

ఆ రాత్రి శాంపిళ్లలో నాలుగింటిని సరైన బఫర్ వేసి ల్యాబ్‌కు పంపాం. మా అంకెలకు, వాళ్ల అంకెలకు పది, పదిహేను శాతం తేడా వచ్చింది. ఈ పరికరం నుంచి అంతకంటే ఆశించకూడదు, ఆ తేడాతో ఎవరి మీదా చర్యకు దిగకూడదు. చట్టం ముందు నిలిచే అంకె ల్యాబ్‌దే. ఏ గంటలో సీసా నింపాలో మాత్రం లేజర్ చెప్పింది.

ఒక లెక్క వేసి యజమానికి చూపించాను. గంటకు వెయ్యి లీటర్ల చొప్పున గంటన్నర, లీటరుకు 6 మిల్లీగ్రాములు. రాత్రికి 9 గ్రాములు. వినడానికి చిటికెడు. ఆ 9 గ్రాములను తాగునీటి హద్దుకు పలచన చేయాలంటే 1,80,000 లీటర్లు కావాలి, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ముప్పై ఆరు. వారానికి రెండు రాత్రుల చొప్పున ఏడాదికి దాదాపు కిలో క్రోమియం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నెలవారీ సీసా బుధవారం గానీ శనివారం గానీ ఒక్కసారీ పడలేదు. పడినా పగటి పదకొండుకు ఏమీ దొరికేది కాదు. ఆ రోజుల్లో ఇరవై నాలుగు గంటల మిశ్రమ శాంపిల్ తీసి ఉంటే సగటు 0.37 దగ్గర వచ్చి, అప్పుడే దొరికేది.

సరిచేసిన పని

పెద్ద ఖర్చేమీ కాలేదు. గ్రీజు టబ్బు కాలువను పూర్తిగా వేరు చేసి గట్టు కట్టించారు. యాసిడ్ పంపును పీహెచ్ కంట్రోలర్‌కు కలిపారు. పీహెచ్ 2.5 పైన ఉంటే ఓఆర్‌పీ ఏం చెప్పినా వినకుండా, నీళ్లు ముందుకు పోకుండా వాల్వ్ మూసుకునేలా తాళం పెట్టించాం. రెండు ప్రోబ్‌లనూ వారానికోసారి కడిగి సరిచూడాలి. ఆపరేటర్ చేతికి కార్బజైడ్ కిట్ ఇచ్చి, షిఫ్టుకు రెండుసార్లు చూసి పుస్తకంలో రాయమన్నాం. అతను ఇప్పుడు పచ్చ లైటు కంటే ఆ రంగునే నమ్ముతున్నాడు. ల్యాబ్ శాంపిల్ రోజు ముందుగా చెప్పొద్దని, నెలలో ఒకటి రాత్రి షిఫ్టులో తీయాలని యజమానే రాసి ఇచ్చారు.

లేజర్ పరికరాన్ని తిరిగి ఇచ్చేశాం. ఇలాంటి చిన్న యూనిట్ ప్రతిదానికీ అది ఉండాలని నేను అనను. ఖరీదైనది, కళ్లకు ప్రమాదం, అద్దాలు పెట్టుకోకుండా గదిలోకి ఎవరినీ రానివ్వకూడదు, నడపడానికి తెలిసిన మనిషి కావాలి. పారిశ్రామిక వాడకు ఒకటి, వ్యాన్‌లో పెట్టి, చెప్పకుండా వచ్చి రెండు మూడు రాత్రులు ఒక్కో గేటు దగ్గర ఆగేలా ఉంటే ఎంతో మేలు. కొత్తూరు నుంచి జడ్చర్ల దాకా ఉన్న ఈ పట్టీకి అది కావాలి. అడుగుతూనే ఉన్నాను.

నాలుగు వారాల తర్వాత పరికరం మరోసారి తెచ్చి బుధవారం, శనివారం రెండు రాత్రులూ చూశాం. 425.43 దగ్గర ఖాళీ కాగితం మీద ఎంత వస్తుందో అంతే వచ్చింది.

బోరు సంగతి అంత తొందరగా తేలలేదు. పగుళ్లలోకి చేరిన క్రోమేట్ తనంతట తాను పోవాలి, లేదా రాతిలోని ఇనుము దాన్ని మెల్లగా మార్చాలి. పెద్దాయన ఇంట్లో తాగడానికి, వంటకు భగీరథ నల్లా నీళ్లే వాడుతున్నారు. బర్రెలకు కూడా బోరు నీళ్లు పెట్టొద్దని చెప్పి, వాటికి తొట్టి, పైపు యూనిట్ ఖర్చుతోనే వేయించాం. కూరగాయల మడి ఈసారి పెట్టలేదు, పత్తి వేశాడు. మూడు నెలలకు బోరు 0.31, ఆరు నెలలకు 0.22. నెలకోసారి నేను పోయేసరికి కడిగిన సీసా గట్టు మీద బోర్లించి ఉంటుంది. వానలు పడ్డాక, కుంట నిండాక తర్వాతి శాంపిల్ తీయాలి.